పార్సిప్పనీలో నేను పెట్టిన పూల వైన్

మొన్న మా మేనకోడలి పెళ్ళి విందులో వెయిటర్ పొడుగాటి గ్లాసులో నురగలు కక్కే పానీయమొకటి చేతికిస్తే, ఒక్క గుక్కకే అది ఎల్డర్‌ఫ్లవర్ అనే పూలతో పెట్టిన వైన్ అని పోల్చుకున్నాను. పక్కవాళ్ళు అదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటుంటే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే రెండువేల ఆరు ప్రాంతంలోనే దాన్ని నా వంటింట్లో పెట్టి నలుగురి నోళ్ళలో పడ్డదాన్ని నేను.

గుంటూరులో పన్నెండేళ్ళు కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన నేను, మా వారి ఉద్యోగం మీద వచ్చిన డిపెండెంట్ వీసా పుణ్యమా అని న్యూజెర్సీలోని పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో, పొద్దున్న మా వారి కారు కదిలింది మొదలు సాయంత్రం తిరిగొచ్చేదాకా గోడలు చూస్తూ కూర్చునేదాన్ని. ఉద్యోగం చేయకూడదు, డ్రైవింగ్ రాదు. మీలో చాలామందికి ఆ గోడలు తెలిసే ఉంటాయి.

ఒక జూన్‌లో పక్కవాటా అమెరికన్ పెద్దావిడ నన్ను వెనక వాగు గట్టుకి తీసుకెళ్ళి, గొడుగుల్లా విచ్చుకున్న తెల్లటి ఎల్డర్‌ఫ్లవర్ గుత్తులు చూపించింది. కాడలు మంచివి కావు, పూలు మాత్రమే దులుపుకోవాలనీ, నిమ్మచెక్కలతో పంచదార నీళ్ళలో నానబెడితే పూల మీదుండే ఈస్టే పులియబెడుతుందనీ ఆవిడ చెబుతుంటే నాలోని లెక్చరర్ లేచి కూర్చుంది. నాలుగు రోజులకు బకెట్ బుసబుస పొంగింది. వడగట్టి సీసాలకు పోశాక, గ్యాస్ ఎక్కువై పగలకుండా రోజూ మూతలు కాస్త వదులు చేసి మళ్ళీ బిగించేదాన్ని. ఆవకాయ జాడీని కూడా నేనంత శ్రద్ధగా చూసుకోలేదు.

మా వారు మాత్రం, ఇంట్లో సారా కాస్తున్నామనుకుంటారని బెదిరిపోయారు. ఆదివారం ఆయన స్నేహితుల కుటుంబాలు భోజనానికి వస్తున్నాయని, నాతో చెప్పకుండా సీసాలన్నీ బట్టల అలమరలోకి నెట్టేశారు. వంటల హడావుడిలో నేనూ చూసుకోలేదు, ఆ రోజు మూతలు వదులు చేయనూ లేదు. సరిగ్గా పప్పు వడ్డిస్తుండగా అలమరలో ఒక సీసా ఢామ్మని పేలింది.

"ఏంటమ్మా ఆ సౌండ్?" అంది అందరిలో పెద్దరికం చేసే ఆవిడ.

"ఏం లేదండీ, సోడా బాటిల్ బరస్ట్ అయినట్టుంది," అన్నారు మా వారు.

ఆ మాటతో నాకెక్కడ లేని కోపం వచ్చింది. నేనేం దొంగతనం చేశానని?

"సోడా కాదు వదినా, వైన్. నేనే పెట్టాను," అన్నాను.

"నువ్వు తాగుతావా!" అందావిడ.

కంచాల్లో చేతులు ఆగిపోయాయి. మిగిలిన సీసాల్లో ఒకటి తెచ్చి గ్లాసులో పోసి అందరి వైపూ చాపాను, ఎవరూ అందుకోలేదు. వాళ్ళ ఎదుటే నిలబడి నేనే తాగాను. నిజం చెప్పాలంటే కాస్త పులుపెక్కింది, అయినా ఖాళీ అయ్యేదాకా గ్లాసు దించలేదు.

ఆ తర్వాత చాన్నాళ్ళు మాకు పిలుపుల్లేవు, మా వారు ముభావంగా తిరిగారు. మరుసటి జూన్‌లో నేను రెండు బకెట్లు పెట్టాను. అప్పుడే ఒక మధ్యాహ్నం ఆ వదినే వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "మా వారికి చెప్పొద్దు గానీ, నాకూ నేర్పిస్తావా?" అంది.

"నేర్పిస్తాను గానీ, దాచేటట్లయితే వద్దు వదినా."

వదిన చెప్పులు విప్పి లోపలికొచ్చింది.

ఆవిడ తర్వాత వర్జీనియాలోని షాంటిలీకి వెళ్ళిపోయింది, వాగు గట్టు పార్కింగ్ స్థలమైంది. ఇప్పుడు మన ఇళ్ళలో వైన్ సీసాలు బల్ల మీదే ఉంటున్నాయి, ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు, మంచిదే. కానీ ఇద్దరాడవాళ్ళు నేల మీద కూర్చుని, చేతులకు పుప్పొడి అంటుకుంటుంటే మధ్యాహ్నమంతా పూలు దులిపే తీరిక ఎవరికుంది? మేం పనిచేయడానికి వీల్లేదని వీసా కాగితం మీద రాసిచ్చిన రోజుల్లో మేం చేసుకున్న పని అది. అందుకు అప్పుడు ఎవరి అనుమతీ అడగలేదు, ఇప్పుడు ఎవరికీ సంజాయిషీ చెప్పను.