నిలబడి చూస్తే చూసినట్టు కాదు

మా మేనత్త పోయింది. కర్నూలు ఆసుపత్రిలో ఆమెకు తోడున్న మా చిన్నాన్న పొద్దున్నే ఫోన్ చేసి, "మీ అత్త పాయ పాపా" అన్నాడు. అప్పుడు నేను ఆమె కోసమే రాగి జావ కాస్తున్నాను. పొయ్యి ఆర్పేశాను. ఏం చేయాలో తోచక మళ్లీ వెలిగించాను.

ఓర్వకల్లు పక్కన మా ఊళ్లో అత్త అంటే చర్చి, చర్చి అంటే అత్త. సమాధి దగ్గర పాస్టరు అయ్యగారు మాట్లాడుతూ, లోకపు వినోదాల వైపు కన్నెత్తి చూడని విశ్వాసి అని ఆమెను పొగిడారు. అందరూ తలలూపారు. నేను తల వంచుకున్నాను. పండగలకు మాత్రమే చర్చికి పోయే దాన్ని, నేనేం మాట్లాడతాను? పైగా మధ్యాహ్నాలు ఆమె కన్నెత్తి చూసింది మా ఇంటి టీవీనే.

అత్త ఇంట్లో టీవీ లేదు. సంఘ పెద్దగా ఉన్న మా మామ టీవీని సాతాను పెట్టె అనేవాడు. ఆయన పోయాక కూడా ఆ మాట ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అన్నం తిన్నాక అత్త పక్కనే ఉన్న తనింటి నుంచి చేటలో వేరుశనక్కాయలు పట్టుకుని వచ్చి, మా గడపలో నిలబడి అడిగేది.

"ఆ పిల్లలు వచ్చినారా పాపా?"

ఆ పిల్లలంటే ఒక టీవీ కార్యక్రమంలో సముద్రం ఒడ్డున పెద్ద బంగళాలో కలిసి ఉండే స్నేహితులు. హిందీ వాళ్లు, తెలుగు గొంతులతో మాట్లాడతారు. పూటకో బట్ట కట్టడం, విందులకు పోవడం, అలగడం, ఏడవడం, వాటేసుకోవడం. కెమెరాలు వెంట ఉంటాయి. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. ఏమీ లేని ఆ ముచ్చట కోసమే మేమిద్దరం పనులు మానుకునేవాళ్లం.

అత్త మాత్రం ఏనాడూ కూర్చునేది కాదు. "కూచుంటే చూసినట్టు పాపా. నిలబడితే దోవన పోతా కంట పడినట్టు" అనేది. కాయలు ఒలుస్తూ తిట్టేది కూడా. "ఒక్కదానికన్నా పనీ పాటా ఉండాదా? బువ్వ సగం తిని పారేస్తాండారు. కరువంటే తెలీదు వీళ్లకు." ప్రకటనలు రాగానే గొంతు మారిపోయేది. "ఆ పచ్చగౌను పిల్ల యాడికి పాయ? శానా సేపాయ కనపడక."

"పాపం తగులుతుంది అత్తా" అని నేను ఆటపట్టిస్తే, "కూచున్నదానివి నువ్వు, నీకు తగులుతాది" అనేది.

ఈ ఏడాది ఆ పచ్చగౌను పిల్లకూ, ఉంగరాల జుట్టు పిల్లకూ చెడింది. ఒకరి పుట్టినరోజుకు ఇంకొకర్ని పిలవలేదు, అంతే. ఒకే ఇంట్లో ఉంటూ మొహాలు తిప్పుకుని తిరగసాగారు. ఆ రోజు నుంచి అత్త తిట్టడం మానేసింది. ఒక మధ్యాహ్నం చేట కింద పెట్టి, నేను అడగకుండానే చెప్పింది.

కరువుకు మా తాత పిల్లలతో ఊరొదిలి మంగంపేట గనికి కూలికి పోయాడు. అక్కడ అత్త గనిలో తవ్వి తీసిన ముగ్గురాయిని సుత్తితో ముక్కలు కొట్టేది. పక్కనే ఆమె ఈడు పిల్ల ఒకతి. ఒకే చెంబు నీళ్లు తాగేవాళ్లు. ఆ పిల్ల అత్త కొత్త రవికను అడక్కుండా తొడుక్కుని తిరునాళ్లకు పోయింది. దాంతో మాటలు ఆగిపోయాయి. వీపులు తిప్పుకుని కూర్చుని రాయి కొట్టారు. అట్లా ఉండగానే పైనుంచి గట్టు విరిగిపడింది.

"అది నా ఎనకాలే ఉండాది పాపా. సప్పుడికి తిరిగి సూస్తే మన్నే. రవిక నేనే ఇచ్చింటే సరిపోయేది గదా."

టీవీలో ఆ పిల్లలు నవ్వుతూనే ఉన్నారు.

ఆ శుక్రవారం ఆడవాళ్ల ప్రార్థనలో అత్త లేచి నిలబడి, "ఇద్దరాడబిడ్డలు ఒకింట్లో ఉంటా మాట్లాడుకోల్యా. సమాధానపడాలని ప్రార్థన చేయండమ్మా" అని అడిగిందట. అబద్ధం ఒక్క ముక్క లేదు. బంధువుల బిడ్డలేమో అనుకుని అందరూ కన్నీళ్లు పెట్టుకుని ప్రార్థించారు. ఆ మాట విని నేను కడుపుబ్బ నవ్వాను. అత్త నవ్వలేదు.

తర్వాత దగ్గు ముదిరింది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో ఎప్పుడో చేరిందన్నాడు డాక్టరు. ఒకరోజు కార్యక్రమం మధ్యలో, గడప పట్టుకుని నిలబడ్డ అత్త మెల్లగా జారి కింద కూర్చుంది. "ఈ పొద్దు చూసినట్టే లే పాపా" అంది. కన్నతల్లి లేని నాకు ఆమే తల్లి.

ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టినా ఒకటే ప్రశ్న. "మాట్లాడుకొన్యారా?"

"లేదత్తా. ఆదివారం ఆఖరి భాగం. అప్పుడు కలుస్తారేమో."

ఆమె ఆదివారం దాకా ఉండలేదు.

ఆ ఆఖరిది నేను ఒక్కదాన్నే చూశాను. పచ్చగౌను పిల్ల పెట్టె సర్దుకుని కారెక్కింది. ఉంగరాల జుట్టుది మేడ మీద నిలబడి గోళ్లకు రంగు వేసుకుంటోంది. ఇద్దరిలో ఒక్కతి కూడా చూపు తిప్పలేదు. మా అత్త ఉసురు తగులుతుంది మీకు అని టీవీని తిట్టి, బటన్ నొక్కేసి ఏడ్చాను.

మొన్న ఆడవాళ్ల ప్రార్థనకు వచ్చేవాళ్లు అత్త ఇంట్లో మా ఓదార్పు కోసం ఆదరణ కూటం పెట్టారు. పాటలయ్యాయి, వాక్యం అయింది. వెళ్లబోయే ముందు వాళ్లలో పెద్దావిడ గడపలో నిలబడి ఉన్న నన్ను చూసింది.

"ఏమ్మా, మీ యత్త ఇద్దరాడబిడ్డల కోసరం ప్రార్థన అడిగింది గదా. సమాధానపడినారా?"

లోపలున్న ఆడవాళ్లంతా నా వైపు తిరిగారు.

"ఇంకా లేదమ్మా" అన్నాను.

"అయితే ఇడిసేదానికి లేదు. ఆమె పెట్టిపోయిన పని ఇది" అని ఆమె మళ్లీ మోకరించింది. అందరూ కొంగులు తలమీదికి లాక్కుని మోకాళ్ల మీద వాలారు. పొలాల నుంచి నేరుగా వచ్చినవాళ్లు, పగిలిన మడమలకు మన్ను ఇంకా ఆరలేదు. ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న ఆ పిల్లల కోసం గొంతెత్తి దేవుణ్ని బతిమాలుతున్నారు.

నేను కాసేపు గడపలోనే నిలబడ్డాను. తర్వాత లోపలికి వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాను.