రంపంతో కోసిన మూడో కడ్డీ

మా మేనత్త పోయిందన్న కబురు నేను కూర తరుగుతుండగా యలహంక నుంచి వచ్చింది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయింది. దానికి నాకు దుఃఖమే తప్ప ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు ఆ తరువాత చర్చి హాల్లో జరిగిన జ్ఞాపక కూటం గురించి. అక్కడ కమిటీ పెద్ద ఒకాయన లేచి, "ఆమె ఇంట్లో గిటారు ఒకటి చేసిందంట. తాకితే చాలు, పరలోకం కనిపించేదంట!" అన్నాడు. హాలంతా నవ్వింది. సమాధి మీద పువ్వులు ఇంకా వాడలేదు.

ఆ గిటారు ఎవరికీ షాకు కొట్టలేదు. ఆ రోజుల్లో ఆమెతో ఉన్నవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే కనుక జరిగింది రాస్తున్నాను.

మా అత్త ఆడపిల్లల బడిలో ఫిజిక్స్ టీచరు, చర్చిలో పాటల బృందానికి పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. క్లాసులో గోల ఎక్కువైతే అరిచేది కాదు. అరచేతిని బల్ల మీద ఆనించి నిలబడేది, అంతే. గది దానంతట అదే సద్దుమణిగేది. "మీటరు పెట్టకుండా మాటాడొద్దప్పా" అన్నది ఆమె ఊతపదం. పాలలో నీళ్ళ గురించైనా, పక్కింటి పిల్ల గురించైనా అదే మాట.

అరవైల్లో కంటోన్మెంటు నుంచి స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు కుటుంబం సామాన్లు అమ్మేస్తుంటే ఆమె ఒక అట్టపెట్టె కొని తెచ్చింది. అందులో ఒక గిటారు విడి భాగాలుగా ఉంది: బోలుగా ఉన్న చెక్క ఒళ్ళు, మెడ, తీగల కింద బిగించే అయస్కాంతపు చుట్టలు, శబ్దం పెంచి తగ్గించే గుండీలు, వైర్లు. వాటిని జతచేసుకుంటే గిటారు. చెక్కగా మోగుతుంది, యాంప్లిఫయరుకు తగిలిస్తే కరెంటుతోనూ మోగుతుంది. టంకం, సన్న వైరు బళేపేట బజారులో కొన్నాం. భోజనాల బల్ల నెలల తరబడి ఆమెదే అయింది. మేము కింద కూర్చుని తిన్నాం.

ఆ గిటారుకు వెనక తలుపు ఉండదు. లోపలి వైర్లన్నీ ముందువైపున్న సన్నటి వంపు రంధ్రం గుండానే పోవాలి. అత్త ఒక్కో గుండీకి దారం కట్టి లోపలికి వదిలేది, నేను ఇటునుంచి మెల్లగా లాగేదాన్ని. అన్నిటికంటే ఆమెను విసిగించింది ఎర్తు వైరు. తీగలు బిగించే ఇనుప తోక దగ్గర మొదలై, లోపల గుండీల వీపులను కలుపుకుని, వైరు గుచ్చే చోటికి చేరాలది. మొదటిసారి అంతా బిగించి, మా రేడియో వెనక గ్రామఫోను కోసం ఉన్న రంధ్రాల్లో తగిలిస్తే తుమ్మెదలా రొద. తీగల మీద చెయ్యి పెడితే రొద ఇంకా పెరిగింది.

"ఇంత రొద రేడియోలో ఎప్పుడూ ఉండేదే కదత్తా" అన్నాను.

"గమ్మునుండు పాపా. చెయ్యి తాకితే గమ్మున కావల్ల. కాలేదంటే ఎర్తు తెగిండాదని."

తీగలన్నీ విప్పింది. తోక కింద చెక్కకు పూసిన వార్నిషు ఇనుముకూ వైరుకూ అడ్డుపడుతోంది. దాన్ని చాకుతో గీకి, టంకం మళ్ళీ పెట్టి, మళ్ళీ దారాలు. ఈసారి అరచెయ్యి తీగల మీద ఆనించగానే రొద ఆగింది. అప్పటి నుంచి ఆమె వాయించే ముందు ఒకసారి అలా చెయ్యి ఆనించి వినేది. అది లేకుండా పాట మొదలుపెట్టేది కాదు.

క్రిస్మసుకు బృందంతో ఆ గిటారు వాయించాలని ఆమె ఆశ. చర్చి వాళ్ళు పాత యాంప్లిఫయరు ఒకటి కొన్నారు. దానికి మూడు కడ్డీల ప్లగ్గు, హాల్లోనేమో రెండు రంధ్రాల సాకెట్లు. "మూడు రంధ్రాలది పెట్టించి, ఎర్తు వైరు నేలలోకి దించండి సార్" అని అత్త చర్చి సెక్రటరీకి ముందే చెప్పింది. "చేయించినామమ్మా" అన్నాడాయన.

ఆయన చేయించింది వేరు. ప్లగ్గుకు ఎర్తు కోసమున్న లావుపాటి మూడో కడ్డీని రంపంతో కోయించాడు.

రిహార్సలులో అత్త ఎడమచెయ్యి తీగల మీద ఉంచి, పాడడానికి మైకు దగ్గరికి వంగింది. పెదవి తాకగానే షాకు కొట్టి వెనక్కి కుర్చీల మీద పడింది. ఆమెకు నీళ్ళు తాగించి లేపాం. లేస్తూనే గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు లాగి చూసింది. యాంప్లిఫయరులో లీకైన కరెంటు నేలలోకి దిగే దారి లేక, తీగల మీదుగా ఆమె ఒంట్లోంచి మైకులోకి పోయింది.

సెక్రటరీ అప్పటికే తీర్పు ఇచ్చేశాడు. "తీగలకు కరెంటు తగిలించిన మనిషిని నేనెక్కడా చూల్లేదమ్మా. ఆడోళ్ళు ఇంట్లో చేసే పనేనా ఇది?"

"తీగలకు నేను కరెంటు తగిలించలేదు సార్, నేలను తగిలించినాను. ఆ నేలను మీరు రంపంతో కోసినారు."

"ఆ మూడో కడ్డీ యాలప్పా, రెండింటితో దీపం వెలగల్యా?"

"వెలుగుతుంది సార్. మనిషే ఆరిపోతాడు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనకు అదే తగిలిందనుకుంటాను. "ఆ తోక కాడుండే వైరు కోసేసి తీసుకురా తల్లీ, అప్పుడు చూస్తాం" అన్నాడు. అత్త గిటారును పాత చీరలో చుట్టుకుని ఇంటికి వచ్చేసింది. ఆ క్రిస్మసుకు బృందాన్ని వేరేవాళ్ళకు అప్పగించారు. గిటారులో దోషం ఉందని, అది క్లబ్బుల్లో డాన్సుల వస్తువని ఊరంతా చెప్పారు. కోసిన కడ్డీ మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

కొన్నేళ్ళకు హాల్లో మూడు రంధ్రాల సాకెట్లు వచ్చాయి. కుర్రవాళ్ళ గిటార్లూ వచ్చాయి. అత్త తలుపు తట్టి ఒక మాట అన్నవాళ్ళు లేరు. "వైరు సరిచేసినారు కదా, ఇంకెవరూ పడరు, సాలు" అనేది ఆమె. నాకు చాలలేదు. ఈరోజుకీ చాలలేదు. జ్ఞాపక కూటంలో ఆ హాస్యమాడిన పెద్దాయన వచ్చే ఆదివారం అదే హాల్లో నిలబడి ఈ మాటను సరిదిద్దాలి. నవ్వినవాళ్ళు వినాలి.

కూటం అయ్యాక యలహంకలో అత్త ఇంటికి వెళ్ళాను. గిటారు ఆమె మంచం పక్క గోడకు ఉంది. తీగలు తుప్పు పట్టాయి. వెంట తెచ్చిన మా మనవరాలి యాంప్లిఫయరు మూడు కడ్డీలూ సాకెట్లో దిగాయో లేదో చూసి గిటారుకు తగిలించాను. తుమ్మెద రొద మొదలైంది. నాకు గిటారు వాయించడం రాదు. అత్తలా అరచెయ్యి తీగల మీద ఆనించాను.

గది గమ్మునయింది. చాలాసేపు చెయ్యి తీయలేదు.