కూతగాణ్ణిచ్చి పట్టుగాణ్ణి తెచ్చుకున్నాం

మొన్న ఆదివారం రాజమండ్రిలో మా ఇంట్లో అబ్బాయీ అల్లుడూ టీవీకి అతుక్కుపోయి కబడ్డీ జట్ల బేరాలు చూస్తున్నారు. ఎవరో తమ కూతగాణ్ణి ఇంకో జట్టుకిచ్చేసి, బదులుగా అవతలివాళ్ళ పట్టుగాణ్ణి తెచ్చుకున్నారట. కోటు తొడుక్కున్న పెద్దమనిషి ఒకాయన తెర మీద గీతలు గీసి, బాణాలు వేసి, నేను పెట్టిన టీ చల్లారేలోగా లాభం ఎవరిదో తేల్చిపారేశాడు. మా అల్లుడు ఔనన్నాడు, మావాడు కాదన్నాడు. మధ్యలో నేనేదో అనబోతే "నీకెందుకమ్మా ఇవన్నీ" అన్నాడు మావాడు. నాకు ఒళ్ళు మండింది. ఆటగాళ్ళ మార్పిడి గురించి నాకా చెప్పేది? ఇంట్లో పుట్టిన మనిషిని పక్క ఊరికిచ్చి, ఆ ఊరి మనిషిని తెచ్చి వసారాగదిలో పెట్టుకున్న కుటుంబం మాది.

మాది ద్రాక్షారామం వెళ్ళే దారిలో కాలువ పక్కనున్న ఊరు. కాలువకి అవతలి గట్టున ఇంకో ఊరు. మధ్యలో ఒక బల్లకట్టు, బోలెడు పంతం. తొంభైల్లో నేను డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న రోజులవి. దాళ్వా పంట కోతలయ్యాక మా ఊరి తీర్థానికి, అదే జాతరకి, కబడ్డీ పోటీలు పెట్టేవారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చేవి కానీ, చివరికి షీల్డు కోసం మిగిలేది మేమూ, ఆ గట్టువాళ్ళూ. కూతకెళ్ళడం అంటే తెలుసుగా, ఊపిరి బిగబట్టి 'కబడ్డీ కబడ్డీ' అంటూ అవతలివాళ్ళ బరిలోకి దూరి, ఒకణ్ణి ముట్టుకుని, పట్టుబడకుండా నడిగీత దాటి తిరిగి రావాలి. మా బాబాయి అందులో మొనగాడు. నాన్నకి ఆఖరి తమ్ముడు, నాకంటే ఐదారేళ్ళే పెద్ద. మనిషి ఇంత సన్నంగా ఉండేవాడు. కూతకెళ్తే మాత్రం అవతలివాళ్ళు ఎక్కడ పట్టుకోవాలో తెలియక తెల్లమొహం వేసేవారు. పొలానికి నీళ్ళు పెట్టి రమ్మంటే కాళ్ళు నొప్పులనే మనిషి కదా, ఇక్కడీ లేడి పరుగులేంటని నాన్న తిడుతూనే ముందు వరసలో కూర్చుని ఈలలు వేసేవాడు.

అలాంటి బాబాయికి ఆ గట్టు ఊళ్ళోనే సంబంధం కుదిరింది. ఒక్కతే సంతానం. చేపల చెరువులు చూసుకునేవాళ్ళు లేరు కాబట్టి అల్లుడు వాళ్ళింట్లోనే ఉండాలన్నారు. ఇల్లరికం అనగానే నాన్నమ్మ మూతి ముడిచింది. పిల్లని చూసొచ్చాక బాబాయి అన్నం సరిగా తినడం మానేయడంతో ఆవిడే దిగొచ్చింది. అసలు పేచీ పెట్టినవాడు పెదనాన్న. మా ఊరి జట్టుకి పెద్ద దిక్కు ఆయనే. ఏ ఊళ్ళో తిండి తింటే ఆ ఊరికే ఆడాలని మా రెండూళ్ళకీ పాత కట్టుబాటు. అంటే పెళ్ళయిన మర్నాటి నించి బాబాయి వాళ్ళ ఆటగాడన్నమాట. తాంబూలాలు పుచ్చుకునే రోజున అందరూ ముహూర్తం గురించి మాట్లాడుతుంటే పెదనాన్న గొంతు సవరించుకుని, "అంతా బాగానే ఉందండి. మా కూతగాణ్ణి తీసుకెళ్తున్నారు. మరి మాకేం ఇస్తారు?" అన్నాడు. పెళ్ళివారు బిత్తరపోయారు. పురోహితుడు గారు పంచాంగం మూసేశారు. పెళ్ళికూతురి తండ్రి నవ్వి ఊరుకుంటాడనుకున్నాం. ఆయనా ఆటపిచ్చి ఉన్నవాడే కాబోలు, కాసేపు ఆలోచించి, "మా పట్టుగాణ్ణి పంపుతామండి. ఏవంటారు?" అన్నాడు. అప్పుడు పుచ్చుకున్నాడు పెదనాన్న తాంబూలం.

అలా వచ్చాడు అవతలన్నయ్య, ఆ ఊళ్ళోనే ఇంకో ఇంటి అబ్బాయి. అవతలి గట్టునించి వచ్చాడు కాబట్టి మేం పెట్టుకున్న పేరు. కూతకొచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకున్నాడంటే ఇక వదిలేది లేదు. వాళ్ళింట్లో పొలం పనికి ఇద్దరన్నలున్నారు, ఇతనొక్కడూ ఎటు పంపినా ఇబ్బంది లేని మనిషి. పెట్టె సర్దుకోమన్నారు, సర్దుకున్నాడు. మా ట్రాక్టరు తోలడం, తీర్థానికి ఆడడం, మా ఇంట్లో తినడం, ఇవీ ఒప్పందాలు. మాట తక్కువ. ఏం అడిగినా "ఆయ్" అనేవాడు. కూర బాగుందా అంటే ఆయ్, ఉప్పెక్కువైందా అన్నా ఆయ్. సాయంత్రం పూట మాత్రం బల్లకట్టు దగ్గర నిలబడి, అవతలి గట్టున వాళ్ళ ఇళ్ళలో దీపాలు వెలిగేదాకా చూసి వచ్చేవాడు.

ఇక ఊరంతా ఒకటే చర్చ, ఈ మార్పిడిలో లాభం ఎవరికని. టీ కొట్టు దగ్గర రెండు పార్టీలు తయారయ్యాయి. పాయింట్లు తెచ్చిపెట్టేవాడు పోయాడు కాబట్టి మునిగిపోయాం అని కాంపౌండరు గారు. పాయింట్లు పోనివ్వనివాడు వచ్చాడు కాబట్టి గట్టెక్కాం అని పెదనాన్న. కూతగాడికి మోకాలు పట్టేస్తే రెండేళ్ళలో పని అయిపోతుంది, పట్టుగాడు పదేళ్ళు ఉంటాడని ఒకరు. పట్టుగాడికి పక్కన నలుగురు సాయముండాలి, కూతగాడు ఒంటరిగా గెలిపిస్తాడని ఇంకొకరు. టీవీలో కోటాయన చెప్పినవన్నీ మా టీ కొట్టులో అప్పుడే చెప్పేశారు, బాణాలు గీయలేదంతే. మా అమ్మ లెక్క వేరు. "మీ బాబాయి తినేదానికి రెండింతలు తింటున్నాడే ఈ అబ్బాయి. లాభం ఆ ఊరికే" అనేది, అంటూనే ఇంకో గరిటె వడ్డించేది. నాన్నమ్మయితే ఎవరి లెక్కా వినేది కాదు. "కొడుకునిచ్చి ట్రాక్టరు డ్రైవర్ని తెచ్చుకున్నార్రా దద్దమ్మల్లారా" అనేసి విసవిసా లోపలికెళ్ళిపోయేది. అతను వింటాడేమోనని మేం కంగారుపడేవాళ్ళం. వినే ఉంటాడు.

తీర్థం వచ్చింది. ఇక్కడ మా ఊరి చాదస్తం ఒకటి చెప్పాలి. రామాలయం ముందు ఖాళీ స్థలంలో బరి గీసేవారు. గుడివైపు సగం ఎప్పుడూ మాదే. సగం ఆటయ్యాక జట్లు వైపులు మారాలని పట్నం నుంచి అంపైరుగా వచ్చే డ్రిల్లు మాస్టారు ఏటా మొత్తుకునేవాడు. "మన రాముడు మన వెనకుండాలి గానీ, వాళ్ళ వెనకుంటాడేంటండి?" అనేవారు మా పెద్దలు. ఆయన నెత్తి కొట్టుకుని ఊరుకునేవాడు. కాబట్టి బాబాయి చిన్నప్పటినించీ గుడివైపు నుంచి బయలుదేరి కాలువవైపు కూతకెళ్ళడం, ముట్టుకోగానే గిర్రున తిరిగి గుడివైపు పరిగెత్తుకు రావడం. ఇంతకంటే వేరే ఆట అతనికి తెలియదు. ఈసారి మాత్రం కాలువవైపు నుంచి రావాలి. ఈ సంగతి ఆ గట్టువాళ్ళకీ తట్టలేదు, మాకూ తట్టలేదు. ఇన్ని లెక్కలు వేసిన టీ కొట్టువాళ్ళకి కూడా తట్టలేదు, అదీ విచిత్రం.

చివరాట రెండూళ్ళకీ పడింది. ఆడవాళ్ళమంతా గుడి పక్కన పంచాయతీ ఆఫీసు డాబా ఎక్కాం. బరి చివర మా కాళ్ళ కిందే ఉన్నట్టుండేది. ఆట సమానంగా నడిచింది. అవతలన్నయ్య పట్టిన పట్టు విడవలేదు, బాబాయి ప్రతిసారీ ఎటు తిరగాలో చూసుకుని తిరిగాడు, వెళ్ళిన కూత వృథా పోలేదు. పాయింట్లు సరిసమానంగా ఉండగా ఆఖరి కూత బాబాయికొచ్చింది. వచ్చాడు. మా ఊరివాళ్ళు నలుగురు చుట్టూ మూగుతుంటే పాములా జారి ఒకడి భుజం ముట్టుకున్నాడు. ఇక తిరిగి వెళ్ళిపోతే షీల్డు వాళ్ళది. బాబాయి గిర్రున తిరిగాడు. తిరిగి, గుడివైపు పరిగెత్తాడు. అవతలన్నయ్య ఒక్కడే వెంటపడ్డాడు. అతని చెయ్యి అందేలోపే బాబాయి వెనకగీత దాటేసి, గుడి ముందున్న ఆంజనేయస్వామి విగ్రహం దగ్గర ఆగి, గెలిచానని రెండు చేతులూ పైకెత్తాడు. డాబా అంచునుంచి నా కళ్ళతో చూశాను, పక్కన నాన్నమ్మ చూసింది. అతని చేతికీ బాబాయి వీపుకీ మధ్య జానెడు ఖాళీ ఉంది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరవాత మావాళ్ళు గంతులేశారు. కూతగాడు వెనకగీత దాటితే అవుట్, పాయింటు మాది, షీల్డు మాది. అవతలి ఊరివాళ్ళు గంతులెయ్యలేదు. "పుట్టినూరికి అమ్ముడుపోయాడు" అని ఎవరో అరిచారు. ఆ మాట పట్టుకుని అందరూ అందుకున్నారు. బాబాయి ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. మొహం పాలిపోయింది. బాబాయి మావగారు కుర్చీలోంచి లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పెదనాన్నతో, "మీ తమ్ముడి మనసు మీ ఊళ్ళోనే ఉందండి. మనిషిని కూడా ఉంచేసుకోండి" అన్నాడు. పెద్దగా అరవలేదు. అరిచినా బాగుండేది. డాబా మీద అందరికీ వెనక కూర్చున్న పిన్ని, అంటే బాబాయి పెళ్ళాం, పెళ్ళయి నాలుగు నెలలైనా కాలేదు, చీరచెంగు నోట్లో కుక్కుకుంది. నాన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది, గాజు గుచ్చుకునేంత గట్టిగా. అలవాటు కొద్దీ తిరిగాడని చెప్తే ఎవరు నమ్ముతారు? మాకే నమ్మడానికి కష్టంగా ఉంది.

అప్పుడు అవతలన్నయ్య అంపైరు దగ్గరికి నడిచి వెళ్ళాడు. "నేను తోశానండి. నడిగీత వైపే తిరగబోయేడండి, నేనే వీపు మీద చెయ్యేసి గుడివైపు నెట్టేశాను. తప్పు నాదండి" అన్నాడు. డ్రిల్లు మాస్టారు ఈల చేతిలో పట్టుకుని అతన్ని కిందనించి మీదికి చూశాడు. కావాలని బయటికి తోస్తే తోసినవాడే అవుట్ కదా. "ఆలోచించుకునే చెప్తున్నావా?" అని అడిగాడు. "ఆయ్" అన్నాడు అవతలన్నయ్య. ఈల మోగింది. షీల్డు కాలువ దాటిపోయింది. దాంతోపాటు బాబాయీ, పిన్నీ కూడా. మావగారు బల్లకట్టు మీద అల్లుడి భుజం తట్టడం మేం డాబా మీదనించే చూశాం.

ఇటు మా ఊరివాళ్ళు అవతలన్నయ్య మీద విరుచుకుపడ్డారు. ఇందాక బాబాయిని అన్న మాటలే ఇప్పుడు ఇతన్ని అన్నారు. మా ఉప్పు తిని పుట్టినూరికి ఆడాడన్నారు. పెదనాన్న ఇంటికొచ్చి, "పొద్దున్నే పెట్టె సర్దుకోమను" అన్నాడు. అప్పుడు నాన్నమ్మ వంటింట్లోంచి వచ్చింది. అతను మా ఇంటికొచ్చాక ఒక్కసారైనా పలకరించని మనిషి. "నోరుముయ్యరా. నీ షీల్డు ఉంటే గోడకి తగిలించుకుందువు. నా కొడుకు కాపురం ఎక్కడ తగిలించుకుంటావు?" అంది. నాన్నమ్మ వసారాలోకెళ్ళి అతని ఎదురుగా కూలబడి, అతని చెయ్యి నిమిరి వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పావని తరవాత నేనడిగాను. "నన్నిక్కడికి పంపేప్పుడు ఎవరూ అడగలేదమ్మా. ఊరు మారడం ఒకసారికే మా చెడ్డ కష్టంగా ఉంది. మా ఊరి అల్లుడు, ఆ బావగారికి రెండోసారి ఎందుకూ?" అన్నాడు. నాకు తెలిసి అతను ఏకబిగిన అంత మాట్లాడటం అదే మొదలు.

అతను మా ఇంట్లో ఉండి ఇంకో రెండు తీర్థాలు ఆడాడు. తరవాత వాళ్ళ అన్నలు వేరుపడితే తన వాటా చూసుకోవడానికి అవతలి గట్టుకే వెళ్ళిపోయాడు. టీ కొట్టు లెక్క ప్రకారం చూస్తే మా ఊరు ఇద్దర్నీ పోగొట్టుకుంది. కాంపౌండరు గారు చనిపోయేదాకా ఈ మాట పెదనాన్నని దెప్పుతూనే ఉన్నారు.

బాబాయి మాత్రం, చూడండి మరి, ఆ అబద్ధాన్నే పట్టుకుని బతికాడు. వీడు తోసి ఉండకపోతేనా అని ప్రతి పెళ్ళిలోనూ చెప్పేవాడు. అవతలన్నయ్య పక్కనే కూర్చుని ఆయ్, ఆయ్ అని తలూపేవాడు. పిన్ని అతన్ని ఉత్తుత్తినే తిట్టేది. కిందటేడు బాబాయి మనవరాలి అన్నప్రాసనకి వెళ్ళాం. భోజనాలయ్యాక ముగ్గురం పందిట్లో కూర్చున్నాం. ఇద్దరికీ జుట్టు నెరిసింది, బాబాయికి మోకాళ్ళు పోయాయి. ఉన్నట్టుండి బాబాయి, "ఒరే బావా, ఆ రోజు నన్నెవరూ తొయ్యలేదురా. నా అంతట నేనే వెళ్ళిపోయాను" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవతలన్నయ్య ఏమాత్రం తొణకలేదు. "భలేవారే. తోశాను కదండీ, నా చేతికి తెలీదా?" అన్నాడు. బాబాయి నా వైపు తిరిగాడు, నువ్వు చెప్పవే అన్నట్టు. పెదనాన్న లేడు, నాన్నమ్మ లేదు, డ్రిల్లు మాస్టారు ఉన్నారో లేరో తెలియదు. ఇన్నేళ్ళు గడిచాక ఆ జానెడు ఖాళీని పైనించి చూసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే. "తోశాడు బాబాయ్, నేను చూశాను" అన్నాను.