పదకొండుసార్లు ‘సమాధానం లేదు’

చోడవరం బస్టాండు దగ్గర టీ కప్పు ఏటేటా చిక్కిపోతోంది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక టీ తాగేలోగా పేపరు మొత్తం చదివేసేవాణ్ణి. ఇప్పుడు ఒక హెడ్డింగు పూర్తయ్యేలోగా కప్పు అడుగు కనిపిస్తోంది. ఇది ఎవరికి నివేదించాలో తెలియక ఇక్కడ రాశాను. ఇక విషయానికి వస్తాను.

రిటైరవడానికి ఐదు నెలల ముందు, ఫిబ్రవరిలో, నాకు ఆఖరి డ్యూటీ పడింది. ముప్పై ఏళ్ళుగా చెరకు శాస్త్రవేత్తగా రైతుల దగ్గర ఫారాలు నింపుతూ ఉన్న నన్ను, చోడవరంలో జరిగే ఉమ్మడి పరిశోధన సమావేశానికి స్థానిక సమన్వయాధికారిగా వేశారు. సమన్వయాధికారి అంటే కుర్చీ తక్కువైనప్పుడు అందరూ వెతికే మనిషి. అతిథులు ఇద్దరు. కెనడా ఉత్తరపు కొసన, సముద్రమే గడ్డకట్టే చోటునుంచి వచ్చిన ఇన్యూట్లు. ఎలీసాపీ గారు డెబ్బై దాటిన పెద్దావిడ. చిన్నప్పటినుంచీ మంచు మీద నడిచి, ఎక్కడ కాలు పెట్టవచ్చో చెప్పగల మనిషి. మేరీ ఆవిడ ఊరి అమ్మాయే, పరిశోధకురాలు. ఆవిడ మాటను ఇంగ్లీషులో, మా ప్రశ్నలను ఆవిడ భాషలో చెప్పేది. మా వైపునుంచి సన్యాసమ్మ, గోవాడ దారిలో బెల్లం వండే రైతు. పనిముట్టు లేకుండా చెవితో, కంటితో పదార్థం తీరు తెలుసుకునేవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ళ మాటల్లోనే రికార్డు చేయాలన్నది ఉద్దేశం.

ఈ పనికి ఒక నిబంధన ఉంది. అది మాది కాదు, ఎలీసాపీ గారి ఊరిది. చెప్పినదంతా రికార్డు చేస్తారు. తర్వాత ఒక్కో భాగం గురించీ ‘ఇది ఉంచవచ్చునా?’ అని చెప్పిన మనిషినే అడుగుతారు. కాదంటే ఆ భాగం అక్కడే చెరిపేయాలి. మా వాళ్ళు దీనికి ఒక ఫారం తయారుచేశారు: ‘ఔను’, ‘కాదు’, ‘సమాధానం లేదు’ అని మూడు గళ్ళు. సగానికి పైగా సమాధానం లేకపోతే అంగీకారం లేనట్టే, మొత్తం చెరిపేయాలి.

మొదటి రోజు పొద్దున్న సన్యాసమ్మ బెల్లం పాకలో కూర్చున్నాం. పాకం ముదిరేకొద్దీ బుడగ చప్పుడు ఎలా మారుతుందో సన్యాసమ్మ చెప్పింది. తండ్రి ఇచ్చిన కర్రతో మంచును పొడిచినప్పుడు పల్చటి చోట ఏ చప్పుడు వస్తుందో ఎలీసాపీ గారు చెప్పారు. పక్క ఊరి మంచు సంగతేమిటని నేను అడిగాను. అక్కడ తాను నడవలేదనీ, నడిచినవాళ్ళను అడగమనీ అన్నారు. నా సర్వీసులో ఏ సెమినారులోనూ వినని జవాబు అది. ఇద్దరూ ఒకరి చప్పుడు ఒకరు నోటితో అనుకరించి నవ్వుకున్నారు. అలాంటి రికార్డింగు మా సంస్థ దగ్గర మరొకటి లేదు.

మధ్యాహ్నం ఫారం తీశాను. ఎలీసాపీ గారివి పద్నాలుగు భాగాలు. మొదటిది అడిగాను. ఎలీసాపీ గారు మాట్లాడలేదు. మేరీ కూడా ఊరుకుంది. మళ్ళీ అడిగాను. ఆవిడ కనుబొమలు ఎత్తారు. మనవైపు అలా చేస్తే ‘ఏమిటీ?’ అని కదా. మూడోసారి ఇంకాస్త గట్టిగా అడిగి, ‘సమాధానం లేదు’ గడిలో టిక్కు పెట్టాను. రెండుచోట్ల ముక్కు ముడిచారు. చెరకు పిప్పి దుమ్ము పడలేదనుకుని ముక్కులో వేసే చుక్కల మందు తెప్పించాను. దాన్ని చూసి మరోసారి ముడిచారు. నోటితో జవాబిచ్చినవి మూడే. మిగతా పదకొండూ ‘సమాధానం లేదు’.

మా ప్రధాన శాస్త్రవేత్తకు ఫోన్ చేశాను. సాయంత్రం నాలుగింటిలోపు మొత్తం చెరిపేసి రిపోర్టు పంపమన్నారు. ఆ మాట అందరికీ చెప్పి, రికార్డింగు యంత్రం దగ్గరకి జరిగాను.

“ఏటి బాబూ, ఏటి సేస్తన్నావు?” అంది సన్యాసమ్మ. “ఆవిడ ఔనంటంటే సెరిపేత్తానంటావేటి?”

ఎప్పుడందని అడిగాను.

“పొద్దుట్నుంచీ అంటంది. సెరుకు రసం ఇంకా కావాలా అంటే కనుబొమ్మలెత్తింది. నేనూ నీలాగే, యినపళ్ళేదేమో అనుకుని అరిసేను. గ్లాసు సాపింది. మూడుసార్లూ అంతే. సాలినప్పుడు ముక్కు ముడిసింది. సిన్న గుంటలికి కూడా తెలిసిపోద్ది బాబూ.”

మేరీ వైపు తిరిగాను. వాళ్ళ ఊళ్ళో కనుబొమలు ఎత్తితే ఔను, ముక్కు ముడిస్తే కాదు. మరి ఎందుకు చెప్పలేదంటే, పెద్దావిడ జవాబిచ్చాక తాను మళ్ళీ చెప్పడం మర్యాద కాదంది. ఒకే ప్రశ్న మూడేసిసార్లు ఎందుకు అడుగుతున్నానో తనకూ అర్థం కాలేదట. ఈ దేశంలో అది పద్ధతేమోనని ఊరుకుంది.

కొత్త ఫారం తీసి, ఈసారి ఎదురుగా కూర్చుని అడిగాను. పదకొండులో తొమ్మిది ఔను, రెండు కాదు. ఆ రెండు భాగాలూ మంచు విరిగి మునిగిపోయిన తమ్ముడి గురించి. వాటిని ఆవిడ చూస్తుండగానే చెరిపేశాం. తొమ్మిదీ మిగిలాయి. ప్రధాన శాస్త్రవేత్తకు మళ్ళీ ఫోన్ చేసి, పొరపాటు పూర్తిగా నాదేనని చెప్పాను. అది తాను ముందే ఊహించానన్నారు.

ఈ ఉదంతం నాకు నేర్పింది చిన్న విషయమే. జవాబు లేకపోవడం, జవాబు నాకు తెలియకపోవడం ఒకటి కావు. ఫారంలో రెండింటికీ ఒకే గడి ఉంది. రెండో రోజుకి ఆ గడి పేరు కొట్టేసి, ‘అడిగినవాడికి అర్థం కాలేదు’ అని రాయించాను. కాస్త గర్వంగానే సన్యాసమ్మకు చదివి వినిపించాను. ఆవిడ పొయ్యిలోకి పిప్పి తోస్తూ విని, తలెత్తకుండానే అంది:

“మరి ముప్పై ఏళ్ళూ మా కాడ ఎన్ని ‘సమాదానం లేదు’లు రాసేసేవు బాబూ?”