మాట అందించని మేడమ్

సలోమి మేడమ్ ఇక లేరన్న వార్త నాకు వీరులపాడు బడిలో, మూడో తరగతి పిల్లల చేత పద్యం అప్పజెప్పిస్తుండగా చేరింది. ఫోనులో మేడమ్ భర్త దేవదానం గారు "అమ్మా శాంతీ, మీ మేడమ్ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా" అని ఒక్క మాట చెప్పి పెట్టేశారు. పద్యం చెబుతున్న పిల్ల మధ్యలో ఆగి నా మొహంలోకి చూస్తోంది. ఇది అనూహ్యమైన మరణమేమీ కాదు. నిరుడు వానాకాలం నుంచీ ఆమె మంచాన ఉన్నారు. అయినా మృత్యువు ఎంత ముందుగా కబురు పెట్టి వచ్చినా, వచ్చిన రోజున అది పిడుగే. ఆ పూట ఇక పాఠం చెప్పలేకపోయాను.

ఆమె నివాసం జగ్గయ్యపేట, ఉద్యోగం నందిగామ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా. సర్వీసంతా చిల్లకల్లు మీదుగా బస్సులో వచ్చి వెళ్ళారు. వత్సవాయి చుట్టుపక్కల పత్తి చేలల్లోంచి వచ్చిన మా బోటి ఆడపిల్లలకు, పదిమందిలో లేచి నిలబడితే గొంతులో వెలక్కాయ పడే మా బోటి వాళ్ళకు, ఆమె వాగ్దానం చేసిన మహాజ్ఞానమేదీ లేదు. మేం మాట్లాడేదాకా ఆగడం ఒక్కటే ఆమె చేసింది. అది ఎంత కష్టమైన పనో ఇప్పుడు టీచరునయ్యాక నాకు తెలుస్తోంది.

మా వైపు ఒక అలవాటుంది. ఎవరైనా మాట్లాడుతూ తడబడితే చుట్టూ ఉన్న నలుగురూ మాట అందిస్తారు. ఆదివారం మా చర్చి గుడిలో చిన్నపిల్ల బైబిలు కంఠత వాక్యం చెబుతూ ఆగితే సంఘమంతా మిగతాది గొణుగుతుంది. ప్రేమతోనే. ఆ ప్రేమను మేడమ్ తన క్లాసులోకి రానిచ్చేవారు కాదు. ఎవరైనా తడబడగానే మేం గుసగుసగా అందించబోతే చెయ్యి ఎత్తేవారు. "అందించకండి. తన మాట తననే తెచ్చుకోనివ్వండి. మీరు అందిస్తే సాయం చేసినట్టు కాదు, నోట్లోంచి లాక్కున్నట్టు." ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం భయంకరంగా ఉండేది. మొదట్లో ఆమెను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు.

చివరి సంవత్సరంలో నాకు ప్రాజెక్టు ఇచ్చారు: పసిపిల్లలు భాషను ఎలా నేర్చుకుంటారు? పెద్ద పుస్తకాలు వెతుక్కుంటానంటే వద్దన్నారు. మా అక్క కూతురు చిన్నిని చూడమన్నారు. అమ్మ, అక్క పత్తి తీతకు వెళితే దాన్ని ఎత్తుకుని నేను గమనించాను. అది ట్రాక్టరును "బుర్రు" అనేది. బస్సునూ బుర్రే అనేది, ఆఖరికి ఇంట్లో మిక్సీని కూడా. తప్పులు నేర్చుకుంటోందని నేను దిగులుగా చెబితే మేడమ్ పగలబడి నవ్వారు. "తప్పు కాదే అమ్మాయ్. దాని దగ్గరున్నది ఒక్క మాట. దాంతోనే లోకమంతా లాక్కొస్తోంది, చూడు" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు: "మాట రాని బిడ్డకు ఏమీ తెలియదనుకోకు. లోపల అంతా ఉంటది. దారే ఇంకా పడలేదు." నా ప్రాజెక్టుకు అదే మొదటి వాక్యమైంది.

దాన్ని బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు నిలబడి ఇంగ్లీషులో చెప్పాలి. ముందు రోజే మానేస్తానని స్టాఫ్ రూముకు వెళ్ళి ఏడిచాను. మేడమ్ ఓదార్చలేదు. కుడి పిడికిలి విప్పి చూపించారు. అందులో చిన్న సుద్దముక్క, చెమటకు తడిసి ఉంది. ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత కూడా క్లాసులోకి వెళ్ళేటప్పుడు తన చెయ్యి వణుకుతుందనీ, అది ఎవరికీ కనపడకుండా సుద్దముక్కను గట్టిగా పట్టుకుంటాననీ చెప్పారు. "భయం పోదు. భయంతో నడవడం అలవాటవుద్ది, అంతే."

రెండో వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. ఎగ్జామినర్ గారు జాలిపడి ఏదో అందించబోయారు. మేడమ్ కుర్చీలోంచి కదలకుండా "అందించకండి సార్" అన్నారు. ఆమె నన్ను తొందరపెట్టకుండా, చూపు తిప్పుకోకుండా చూస్తూ కూర్చున్నారు. చివరికి నా నోట ఇంగ్లీషు కాదు, మా వత్సవాయి మాటే వచ్చింది: "మా చిన్ని మిక్సీని కూడా బుర్రంటదండి." ఎగ్జామినర్ నవ్వారు. ఆ నవ్వు పట్టుకుని మిగతాదంతా చెప్పాను. ఈ రోజు నేను తినే అన్నం ఆ కాసేపటి నిశ్శబ్దం పెట్టింది.

అటువంటి మనిషికి మాట పడిపోయింది. దైవలీల అని, పరీక్ష అని చాలామంది నాకు వివరించారు. వాళ్ళ విశ్వాసం వాళ్ళది, నాకు మాత్రం ఇప్పటికీ కోపమే. పక్షవాతం కుడివైపును, నాలుకను ఒకేసారి తీసుకుపోయింది. సుద్దముక్క పట్టుకునే ఆ చెయ్యి అలాగే పిడికిలిగా ముడుచుకుపోయింది, లోపల ఏమీ లేకుండా. సంఘపు స్త్రీలు వచ్చి పాట ఎత్తుకుంటే ఆమె పాటలోని మాటలతో సహా కలిసి పాడేవారు. మాట వచ్చేసిందని దేవదానం గారు సంతోషంతో ఏడిచారు. పాట ఆగాక ఏం కావాలని అడిగితే ఒక్క అక్షరం రాలేదు. పక్షవాతంలో కొందరికి సొంత మాట పోయినా నోటికి వచ్చిన పాట మిగులుతుందని డాక్టరు చెప్పారట.

దేవదానం గారు బస్సు డ్రైవరుగా రిటైరైన మెతక మనిషి. భార్య పెదవి కదిలితే చాలు, "అన్నమా? నీళ్ళా? ఫ్యాను వెయ్యనా?" అని ఆత్రంగా అందించేవారు. చూడవచ్చిన వాళ్ళందరూ అంతే. కొందరు పసిబిడ్డతో మాట్లాడినట్టు గారాలు పోయేవారు. ఆమె కాసేపు తల అడ్డంగా ఊపి, ఇక కళ్ళు మూసుకునేవారు.

క్రిస్మస్ ముందు నేను వెళ్ళిన రోజున అదే జరుగుతోంది. నేనుండబట్టలేక "అంకుల్, అందించకండి" అన్నాను. ఆయన ఆగారు. ఇద్దరం ఆమె మొహం చూస్తూ కూర్చున్నాం. ఆమె మెడ నరాలు బిగిశాయి, పెదవులు కలిశాయి. "మ..." అన్నారు. మళ్ళీ "మ..." కంచంలో అన్నం చల్లారిపోయింది. మాట రాలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి గానీ ఆ రోజు మాత్రం ఆమె కళ్ళు మూసుకోలేదు. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. గేటు దగ్గర దేవదానం గారు అన్నారు: "ఎందుకమ్మా ఆవిణ్ణి అంత కష్టపెట్టావు?" బస్సులో వత్సవాయి దాకా ఆ ప్రశ్నే నాతో వచ్చింది.

భూస్థాపన అయ్యాక మందిరంలో జరిగిన ఆదరణ కూడికలో, అదే సంతాప ప్రార్థనలో, శిష్యుల తరఫున నన్ను మాట్లాడమన్నారు. మైకు పట్టుకుని "మా మేడమ్..." అన్నాను. అంతే, అక్కడే ఆగిపోయాను. వెంటనే నాలుగు వైపుల నుంచీ అందించడం మొదలైంది. మంచి మనిషి అని ఒకరు, ప్రార్థనాపరురాలు అని ఇంకొకరు. పాస్టరు గారు నా చేతిలోంచి మైకు మెల్లగా తీసుకోబోయారు. అప్పుడు ముందు వరసలోంచి దేవదానం గారు లేచారు. చెయ్యి ఎత్తారు.

"అందించకండి," అన్నారు. "ఆ అమ్మాయి ఆ మాట అన్నప్పుడు నాకు కోపమొచ్చింది. కానీ మంచాన పడ్డాక మా ఆవిడ మా ఆవిడలాగా కనపడింది ఆ కాసేపే. ఆ తర్వాత నేనూ రోజూ ఆగా. తననే చెప్పనివ్వండి."

ఆయన కూర్చుని, చూపు తిప్పుకోకుండా నా వైపే చూశారు. నేను మాట్లాడాను. ఏం మాట్లాడానో ఇప్పుడు సరిగా గుర్తులేదు.

ఆమె స్థానం పూరించలేనిదని ఇలాంటి వ్యాసాల్లో రాస్తారు. నాకు తెలిసిన లోటు ఇంకా చిన్నది, ఇంకా పెద్దది. ఆ "మ" తర్వాత ఏముందని నన్ను చాలామంది అడుగుతున్నారు. మంచినీళ్ళేమో అంటారు, మందు అంటారు, మరణమేమో అని కూడా అంటారు. దయచేసి ఎవరూ అందించకండి. అది మా మేడమ్ మాట. ఆమె తెచ్చుకునేలోపే మృత్యువు ఆమెను తీసుకుపోయింది.