బండి కింద మరక

నిన్న నెహ్రూ నగర్‌లో మా కారు కింద సిమెంటు మీద నల్లటి మరక కనిపించింది. పనిమనిషి కడగబోతే, "రహనే దో దీదీ" అని హిందీలో, ఉండనివ్వమన్నాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మరోదా బస్తీలో మా ఇంటి ముందు నాన్న పాత లారీ నిలిపేవాడు. అమ్మ ముగ్గుకు జానెడు చోటే మిగిలేది. అందులోకీ ఇంజనాయిల్ పాకేది. ఒక ఆదివారం నాన్న పొద్దంతా బండి కింద వెల్లకిలా పడుకుని, కారే చోట కొత్త ప్యాకింగ్ వేసి బోల్టులు బిగించాడు.

మర్నాడు నేను అందరికన్నా ముందు లేచాను. మరక మళ్లీ ఉంది. అమ్మ ముగ్గు పాడవుతుందని బండి కిందికి దూరి, అంట్లు తోమే బూడిదతో రుద్ది తడిగుడ్డతో తుడిచేశాను. నాన్న లేచేసరికి నేల ఆరిపోయింది.

ఆయన వంగి చూశాడు. "సూసినావేటమ్మా, ఒక్క సుక్క కూడా లేదు. నా పని గట్టిదే," అని నావైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూశాక, తుడిచింది నేనని చెప్పబుద్ధి కాలేదు.

ఆ నమ్మకంతోనే ఆయిల్ చూసుకోకుండా వెళ్లాడు. దారంతా ఆయిల్ కారిపోయి ఇంజను సీజై, ఇక తిరగకుండా బిగుసుకుపోయింది. సాయంత్రం బండిని గొలుసు కట్టి లాక్కొచ్చారు. వారానికి తుక్కువాళ్లు పట్టుకుపోయారు.

నాన్న పోయేదాకా ఆ సంగతి చెప్పలేకపోయాను. ఆయనకు తెలుసేమో కూడా తెలీదు.

బండి వెళ్లిన మర్నాడు అమ్మ ముగ్గుగిన్నెతో ఆ ఖాళీ నేల ముందు నిలబడిపోయింది. నాన్న గుమ్మంలోంచి నన్ను పిలిచి, మెల్లగా అన్నాడు.

"నువ్వెయ్యమ్మా. పెద్దదెయ్యి. ఇప్పుడు జాగా ఉంది కదా."