వెనక గేటు గడియారం

ఆఫీసులో నెట్‌వర్కు మొరాయిస్తే అందరి నోటా ఒకటే మాట: బాబాయిని పిలవండి. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, మేనేజరూ అలాగే పిలుస్తాడు. నేల తుడిచే ఆయా మాత్రం "గారూ" తగిలిస్తుంది.

ఆ రోజు పన్నెండింటికి ఆయా ఉద్యోగం ఊడబోతోంది. వెనక గేటులో వేలు పెట్టే మిషను లెక్కన, నెలలో తొమ్మిది సార్లు ఆలస్యం. పదేళ్లుగా పది నిమిషాల ముందే వచ్చే మనిషికి ఇదేం గ్రహపాటని బాబాయికి ఒళ్లు మండింది. ఆ మిషను పక్కన తన ఫోను పెట్టి చూశాడు. మిషను పన్నెండు నిమిషాలు ముందుంది! ముందు గేటు మిషను మాత్రం సరిగ్గానే ఉంది. పెద్దలు వచ్చే దారిలో ఈ తేడా ఉంటే ఈపాటికి ఆకాశం విరిగి మీద పడేది.

ఇవాళ తప్పయితే ఆ తొమ్మిది రోజులూ తప్పేనా అని మేనేజరు అడిగాడు. ఆ మిషనుకు తప్పుడు టైము చెబుతున్నదేదో పట్టుకు రమ్మన్నాడు.

గేటు మిషన్లకు టైము చెప్పే సర్వరు ఆఫీసంతటికీ ఒకటే ఉండాలి. రెండోది ఎక్కడో నక్కింది. బాబాయి ఒక్కో కేబులూ పీకి, చూసి, మళ్లీ పెట్టాడు. పదకొండున్నరయింది. నలభైకి ఒక నీలం కేబులు పీకగానే దొంగ టైము ఆగింది. ఆ కేబులు వెంటే వెళితే స్టోర్ రూములో, విరిగిన కుర్చీల వెనక, గుర్రుమంటూ ఒక పాత కంప్యూటరు. దాని మీద అంటించిన కాగితం: "దీన్ని ఆపవద్దు."

అక్షరాలు తనవే. ఆరేళ్ల కిందట వెనక గేటు మిషనుకు టైము అందించేలా రెండు రోజుల పరీక్షకని పెట్టి మరిచిపోయాడు. నిరుడు వైర్లు మార్చినప్పుడు అసలు గడియారంతో దాని లింకూ తనే తెంచాడు. అప్పటి నుంచి అది రోజుకు రెండు సెకన్లు ముందుకు జరుగుతూ వచ్చింది. ముందుగా వచ్చే అలవాటే ఇన్నాళ్లూ ఆయాను కాచింది.

చీపురుతో ఆయా గుమ్మంలో నిలబడి ఉంది.

"ఫ్యాను కోసమని ఎవరో ఒకరు దీని ప్లగ్గు పీకేస్తుంటారు బాబాయి గారూ. ఆపొద్దని మీరు రాశారు కదా, నేనే మళ్లీ పెడుతుంటా."

కాగితం చింపేసి, నెపం పాత కంప్యూటరు మీదికి నెట్టినా అడిగేవాడు లేడు. బాబాయి దాన్ని చిరగకుండా ఊడదీసి, తిన్నగా వెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టాడు.

"ఈ రాత నాది సార్. ఆ తొమ్మిది ఆలస్యాలూ నా పేరునే రాయండి."